అమ్మకు హార్డ్ మోల్డా, సాఫ్ట్ మోల్డా? మేనల్లుడికి ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీరు ఒడిశాలోని గుణుపురంలో ఉంటారు. అమ్మగారికి అరవై ఎనిమిదేళ్లు, షుగర్ ఉంది, వేళ్ల కీళ్లు పట్టేశాయి. ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష రిపోర్టులో, 500 హెర్ట్జ్ దగ్గర లాస్ (వినికిడి లోపం) 55 డెసిబెల్స్, 1000 దగ్గర 65, 2000 దగ్గర 75, 4000 దగ్గర 85. రెండు చెవులూ దాదాపు ఇంతే. చెవి వెనక పెట్టుకునే వినికిడి మిషన్లు కొంటే షాపువాళ్లు వాటికి గొడుగులాంటి రబ్బరు డోములు తగిలించి ఇచ్చారు. మిషన్ కీచుమని కూస్తోంది. సౌండ్ తగ్గిస్తే మాట వినపడటం లేదు. ఇప్పుడు మోల్డ్, అంటే చెవి అచ్చు తీసి దానికి సరిపోయేలా చేసే ముక్క, చేయించుకోమని, హార్డ్ కావాలో సాఫ్ట్ కావాలో మీరే చెప్పమని అంటున్నారు. మీ అక్క కొడుక్కి ఏడాదిన్నర, రెండు చెవుల్లోనూ లాస్ 95 పైనే. పనిలో పనిగా వాడికీ అదే రకం చేయించేయొచ్చా అన్నది రెండో ప్రశ్న.

నేను బరంపురంలో ఇరవై రెండేళ్లుగా, వినికిడి పరీక్షించి మిషన్లు అమర్చే ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. మొదటి నాలుగేళ్లు మోల్డ్ ల్యాబ్‌లోనే, అరగదీసే చక్రం ముందు కూర్చుని గడిచాయి. అందుకే ఈ విషయం వస్తే కొంచెం ఎక్కువే మాట్లాడతాను.

ముందు జవాబు చెప్పేస్తాను. అమ్మగారికి హార్డ్ మోల్డ్, అంటే అక్రిలిక్, చేయించండి. పిల్లాడికి సాఫ్ట్, అందులోనూ సిలికాన్. ఇద్దరికీ ఒకటే రకం వద్దు. ఎందుకో కింద రాస్తున్నాను. అది తెలిస్తే షాపులో ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

డోములు ఎందుకు పనిచేయలేదో ముందు చూద్దాం. మిషన్ పెద్దది చేసిన సౌండ్ చెవిలోకి వెళ్లాలి, అక్కడే ఉండాలి. డోము పక్కల సందుల్లోంచి అది బయటికి కారి, మళ్లీ మిషన్ మైకులోకి దూరుతుంది. మైకు దాన్ని మళ్లీ పెద్దది చేస్తుంది. అలా తిరిగి తిరిగి కూత అవుతుంది. పెళ్లి పందిట్లో మైకును స్పీకరు పక్కకు తీసుకెళ్తే ఏమవుతుందో ఇదీ అదే. బొంగురు శబ్దాలు బాగానే వినపడుతూ సన్న శబ్దాలు మాత్రమే తగ్గినవాళ్లకు డోము హాయిగా ఉంటుంది. అమ్మగారికి 500 దగ్గరే, అంటే బొంగురు శబ్దాలకే, 55 ఉంది, పైన 85 దాకా వెళ్లింది. అంత సౌండ్‌ను డోము ఆపలేదు. కూత పోవాలని షాపువాళ్లు సన్న శబ్దాలు తగ్గించేసి ఉంటారు. స, శ, త, ప లాంటి హల్లుల స్పష్టత ఎక్కువగా ఉండేది అక్కడే. అందుకే ఆవిడకు మీరు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. మిషన్ పాడైందని తేల్చేసుకోకండి. సరైన మోల్డ్ పెట్టి, ప్రోగ్రామ్ మళ్లీ చేయించి, అప్పుడు చూడండి.

ఇక రకాలు. షాపులో ‘సాఫ్ట్’ అంటే ఒక్కటి కాదు. సిలికాన్ ఉంది, వినైల్ ఉంది. రెండూ చేతికి మెత్తగానే తగులుతాయి, కొత్తలో తేడా తెలియదు. వినైల్ ఒంటి వేడికి ఇంకాస్త మెత్తబడి చెవికి బాగా అతుక్కుంటుంది. కానీ రోజులు గడిచేకొద్దీ పచ్చబడుతుంది, కుంచించుకుపోతుంది, గట్టిపడుతుంది. అప్పుడు మళ్లీ కూత మొదలవుతుంది. సిలికాన్ అలా త్వరగా ముడుచుకుపోదు, చర్మానికి పడకపోవడం కూడా అరుదు. కాబట్టి ‘సాఫ్ట్ అంటే ఏ సాఫ్ట్?’ అని తప్పకుండా అడగండి, బిల్లు మీద రాయించుకోండి.

అక్రిలిక్ గాజులా నున్నగా, గట్టిగా ఉంటుంది. ఏళ్ల తరబడి ఆకారం మారదు. ఎక్కడైనా ఒరుసుకుంటే అక్కడికక్కడే చక్రం మీద అరగదీసి, పాలిష్ చేసి ఇచ్చేయొచ్చు. సిలికాన్‌ను అంత సులువుగా అరగదీయలేం. ఒరుసుకుంటే చాలాసార్లు కొత్తది చేయించాల్సిందే. అక్రిలిక్‌తో చిక్కు ఏమిటంటే, అది ఏమాత్రం వంగదు. నమిలినప్పుడు దవడ కదిలి చెవి కాలువ ఆకారం మారుతుంది కదా, మెత్తనిది దానితో పాటు సర్దుకుంటుంది, గట్టిది సర్దుకోదు. లాస్ 90 దాటితే ఆ చిన్న సందు చాలు కూతకు. 65, 75 లాస్‌కు మాత్రం అచ్చు బాగా తీస్తే అక్రిలిక్ ధారాళంగా సరిపోతుంది.

అయినా నేను అమ్మగారికి హార్డ్ అనడానికి అసలు కారణం ఆవిడ వేళ్లు.

కొన్నేళ్ల కిందట ఇచ్ఛాపురం నుంచి ఒక మామ్మగారు వచ్చారు. కొడుకు సిలికాన్ మోల్డ్ చేయించాడు. మెత్తగా ఉంటుంది, అమ్మకు నొప్పి పుట్టదని. మంచి ఉద్దేశమే. కానీ మిషన్ ఒకటే కూత. మోల్డ్ తీసి చూశాను, చక్కగా చేశారు, నేను పెడితే కూత లేదు. ‘మామ్మగారూ, మీరే ఒకసారి పెట్టుకోండి’ అన్నాను. ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని పట్టుకున్నారు. వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. చెవి దగ్గరికి తీసుకెళ్లి నొక్కితే మోల్డ్ కొస లోపలికి పోకుండా వెనక్కి మడత పడింది. సిలికాన్ చర్మానికి పట్టుకుంటుంది, జారదు. ఇంకోసారి నొక్కారు. పై కొన చెవి మడత కిందికి దూరకుండా బయటే నిలబడింది. మూడోసారికి చెయ్యి దించేసి, ‘ఇంతే బాబూ, నాకు రోజూ ఇంతే, కోడలు పొలం నుంచి వచ్చాక పెడుతుంది’ అన్నారు. అంటే మధ్యాహ్నం రెండు దాకా ఆవిడ ఇంట్లో ఏమీ వినకుండా కూర్చుంటున్నారు. మళ్లీ అచ్చు తీసి, అక్రిలిక్‌లో, పై కొన లేకుండా చేయించాను. నున్నటిది కాబట్టి కొద్దిగా తిప్పుతూ తోస్తే జారి కూర్చుంది. ఆ రోజు నుంచి నేను ఎవరికైనా మోల్డ్ రకం రాసే ముందు వాళ్ల చేతులు చూస్తాను. గుండీ పెట్టుకోమంటాను, నాణెం తీయమంటాను.

ఆకారం సంగతి కూడా అక్కడే తేలుతుంది. ఫుల్ షెల్ అంటే చెవి దొప్పలోని గుంట మొత్తాన్ని నింపేది. సౌండ్ బాగా ఆపుతుంది, బరువైన లాస్‌కు అదే. స్కెలిటన్ అంటే మధ్యలో ఖాళీ వదిలి అంచు మాత్రం ఉంచేది. చూడటానికి తేలిక, చెమట తక్కువ, కానీ పెట్టుకోవడంలో మెలకువ కావాలి. హాఫ్ షెల్‌లో గుంట కింది సగమే నిండుతుంది, పై కొన ఉండదు. కెనాల్ మోల్డ్ అంటే కాలువలో కూర్చునే ముక్క ఒక్కటే. అది చిన్నది, పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అమ్మగారికి హాఫ్ షెల్ చెప్పండి. పట్టుకోవడానికి చేతికి దొరుకుతుంది, మడత కింద దూర్చాల్సిన కొన ఉండదు. కుడిదానికి ఎరుపు, ఎడమదానికి నీలం చుక్క పెట్టించండి. ఎక్కడైనా ఇదే పద్ధతి, ల్యాబ్‌వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రెండు మోల్డులూ మార్చి పెట్టుకుని నొప్పని వచ్చేవాళ్లను వారానికొకరినైనా చూస్తాను.

గాలి రంధ్రం గురించి షాపులో ఎవరూ చెప్పరు, మీరే అడగండి. దాన్ని వెంట్ అంటారు. మోల్డ్‌తో చెవి పూర్తిగా మూసేస్తే సొంత గొంతు కుండలో మాట్లాడినట్టు మోగుతుంది. మాట్లాడినప్పుడు ఎముకల ద్వారా వచ్చే బొంగురు శబ్దం కాలువలో చిక్కుకుపోవడమే కారణం. రంధ్రం పెద్దదయ్యేకొద్దీ ఆ మోత తగ్గుతుంది, కూత వచ్చే అవకాశం పెరుగుతుంది. 500 దగ్గర మామూలుగా వినేవాళ్లకు 2, 3 మిల్లీమీటర్లు కూడా పెడతాం. అమ్మగారికి 55 ఉంది కాబట్టి ఆ మోత అంతగా ఇబ్బంది పెట్టదు. 1 మిల్లీమీటరు చాలు. చెవిలో బరువు లేకుండా ఉంటుంది, లోపలి చెమ్మకు కాస్త దారి ఉంటుంది. మన వైపు వానాకాలంలో ఆ చెమ్మ చిన్న విషయం కాదు. చెవిలో బూజు పట్టి దురదతో వచ్చేవాళ్లు ఎక్కువయ్యేది ఆ నెలల్లోనే. ఒకవేళ 1 మిల్లీమీటరుతో కూత వస్తే దాన్ని చిన్నది చేయొచ్చు. ఒక్క మాట, వెంట్‌ను సౌండ్ వెళ్లే దారిలో కలపకుండా దాని పక్కనే సమాంతరంగా వేయమనండి. కాలువ మరీ సన్నగా ఉంటే తప్ప కలపకూడదు. కలిపితే సన్న శబ్దాలు తగ్గుతాయి, అమ్మగారికి కావలసినవే అవి.

ఇప్పుడు అచ్చు తీయడం. మోల్డ్ మంచిచెడ్డలు మెటీరియల్ కన్నా ఎక్కువగా ఇక్కడే తేలిపోతాయి, కాబట్టి దగ్గరుండి చూడండి.

ముందు లైటు వేసి చెవిలోపల చూడాలి. చూడకుండా పేస్టు నింపడానికి వస్తే ఆపేయండి. గులిమి ఉంటే తీయించాలి. కర్ణభేరికి చిల్లు ఉన్నా, చీము కారుతున్నా, ఎప్పుడైనా చెవి ఎముకకు ఆపరేషన్ జరిగినా ఈఎన్టీ డాక్టరు చూశాకే ఏదైనా. అమ్మగారికి షుగర్ కాబట్టి కాలువలో చిన్న పుండు కనపడినా వదలొద్దు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు చెవిలో పుండు ముదిరి ఎముకలోకి దిగే జబ్బు ఉంది. రాత్రిళ్లు నిద్రపట్టనంత నొప్పి వస్తుంది. అలాంటిదేమైనా అనుమానం ఉంటే బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది, మీకు విశాఖ వెళ్లడం వీలైతే అక్కడ ప్రభుత్వ ఈఎన్టీ ఆసుపత్రి ఉంది.

ఆ తర్వాత దారం కట్టిన చిన్న దూది ముక్కనో స్పాంజి ముక్కనో లోపలికి పెట్టాలి. పేస్టు కర్ణభేరి దాకా పోకుండా ఆపేది అదే. చెవి కాలువలో రెండు మలుపులు ఉంటాయి. ఆ ముక్క రెండో మలుపు దాటి కూర్చోవాలి. పైపైనే పెట్టేస్తే అచ్చు పొట్టిగా వస్తుంది, మోల్డ్ కూడా పొట్టిగానే వస్తుంది, పొట్టి మోల్డ్ కూస్తుంది. రెండు రంగుల సిలికాన్ పేస్టులను చపాతీ పిండిలా ఒక్క రంగు వచ్చేదాకా కలిపి సిరంజిలో పెడతారు. సిరంజి మూతిని పేస్టులోంచి బయటికి లాగకుండా నింపుకుంటూ రావాలి, లేకపోతే మధ్యలో గాలి బుడగలు చేరతాయి. ఐదారు నిమిషాల్లో గట్టిపడుతుంది.

ఆ ఐదారు నిమిషాల్లో నోరు ఏం చేస్తోందన్నది ముఖ్యం. చాలామంది ‘కదలకండి’ అంటారు. మొదట్లో నేనూ అలాగే అనేవాణ్ణి. బరంపురం పట్టుచీరలు నేసే ఒక పెద్దాయనకు అలా నోరు మూసి తీసిన అచ్చుతో మోల్డ్ చేయించాను. నా కుర్చీలో ఉన్నంతసేపు బాగానే ఉంది. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చోగానే కూసింది. నమిలిన ప్రతిసారీ కూసింది. నలుగురూ చూస్తుంటే ఆయన మిషన్ తీసి కంచం పక్కన పెట్టేశారు, నెల రోజులు మళ్లీ పెట్టుకోలేదు. అప్పటి నుంచి లాస్ ఎక్కువున్న వాళ్లకు నోరు తెరిపించి పళ్ల మధ్య చిన్న దిమ్మ పెట్టి అచ్చు తీస్తున్నాను. కాలువ వెడల్పయినప్పటి ఆకారం దొరుకుతుంది. అమ్మగారికి కట్టుడు పళ్లు ఉంటే అవి పెట్టుకునే రండి, రోజూ ఉండే ఆకారం రావాలి.

బయటికి తీసిన అచ్చును మీరూ చూడండి. రెండు మలుపులూ కనపడాలి, కొస గుండ్రంగా నిండి ఉండాలి, బుడగలు, చీలికలు ఉండకూడదు. బాగా లేకపోతే ‘ఇంకోటి తీయండి’ అనడానికి మొహమాటపడొద్దు. ఐదు నిమిషాల పని అది. ల్యాబ్‌కు వెళ్లి తిరిగొచ్చాక అయితే మళ్లీ వారాల పని, మీకు బస్సు ఛార్జీలు, అమ్మగారికి ప్రయాణం.

ఇక మేనల్లుడు. వాడికి హార్డ్ అసలు వద్దు. పడినా, చెవి మీద దెబ్బ తగిలినా గట్టి ముక్క చెవిని గాయపరుస్తుంది. పైగా 95 లాస్‌కు ఇచ్చే సౌండ్‌ను గట్టి మోల్డ్ ఆపలేదు. సిలికాన్, ఫుల్ షెల్ చేయించండి. మిషన్ నుంచి మోల్డ్‌లోకి సౌండ్ తెచ్చే ట్యూబ్ మందపాటి గోడ ఉన్నది తీసుకోండి. మామూలు ట్యూబ్ గోడలోంచి కూడా సౌండ్ కారుతుంది, పెద్ద మిషన్లకు తేడా తెలుస్తుంది. సిలికాన్‌కు జిగురు సరిగా అంటదు కాబట్టి ట్యూబ్ ఊడకుండా లోపల లాక్ వేయాలి. తీసుకునేటప్పుడు ట్యూబ్‌ను మెల్లగా లాగి చూడండి. వెంట్ అక్కర్లేదు. రంగు మాత్రం మంచి ముదురుది పెట్టించండి. మట్టిలో, గడ్డివాములో పడినా వెతకడానికి దొరుకుతుంది. చొక్కాకు క్లిప్పు తగిలించే దారం కూడా తీసుకోండి. బ్యాటరీ తలుపుకు పిల్లల తాళం ఉండాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు. బ్యాటరీ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మింగాడని అనుమానం వస్తే చాలు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

మీ అక్కగారికి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ మోల్డ్ మూడు నాలుగు నెలలకు వదులవుతుంది. చేసినవాళ్ల తప్పు కాదు, పిల్లాడి చెవి పెరుగుతోంది. ఏడాదిలోపు పిల్లలకైతే రెండు నెలలకే మారుస్తాం. ఐదేళ్లు వచ్చేదాకా మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి మార్చుకోవాలి. చాలా ఇళ్లలో జరిగేది ఏమిటంటే, మోల్డ్ వదులై కూత మొదలవగానే అమ్మో నాన్నో సౌండ్ తగ్గించేస్తారు. కూత ఆగుతుంది, ఇంట్లో అందరికీ హాయిగా ఉంటుంది, పిల్లాడికి మాత్రం మాట అందదు. మాటలు నేర్చుకునే వయసులో ఆరు నెలలు అలా పోతే ఎంత పోయినట్టో నేను రోజూ చూస్తాను. కూత వస్తే సౌండ్ తగ్గించకండి, కొత్త అచ్చు తీయించండి. ఒళ్లో పడుకుని పాలు తాగేటప్పుడు మిషన్‌కు చెయ్యి అడ్డు తగిలి కూస్తే అది వేరే, దానికి భయపడక్కర్లేదు.

95 పైన అన్నారు కాబట్టి, మిషన్ పెడుతూనే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం, గురించి కూడా ఇప్పుడే కనుక్కోండి. కేంద్రం 1981 నుంచి నడుపుతున్న, వికలాంగులకు పరికరాలు ఇచ్చే ఏడీఐపీ పథకంలో, పుట్టుకతో వినపడని పిల్లలకు ఐదేళ్ల లోపు ఇంప్లాంట్‌కు సాయం ఉంది. ఐదేళ్లు ఉన్నాయి కదా అని ఆగొద్దు, ఎంత ముందైతే అంత మంచిది. అప్పటిదాకా మిషన్, మోల్డ్ మానొద్దు.

నిర్వహణ ఇద్దరికీ ఒకటే. రాత్రి మోల్డ్‌ను మిషన్ నుంచి విడదీసి గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి కడగాలి. రబ్బరు బల్బుతో ట్యూబ్‌లో నీటి చుక్క పోయేదాకా ఊదాలి, తెల్లారేదాకా ఆరనివ్వాలి. స్పిరిట్, శానిటైజర్ వాడొద్దు. మిషన్‌కు నీళ్లు తగలకూడదు. దాన్ని సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టండి. ట్యూబ్ మూడు నుంచి ఆరు నెలల్లో పచ్చబడి బిగుసుకుంటుంది, అప్పుడు ట్యూబ్ ఒక్కటి మార్పిస్తే చాలు. మోల్డ్ మొత్తం మార్చాలంటే ఎందుకని అడగండి. అమ్మగారికి అక్రిలిక్ పెట్టాక కాలువ ఎర్రబడి దురద పెడితే మోల్డ్ తయారీలో అందులో మిగిలిపోయిన రసాయనం పడకపోవడం కావచ్చు, బూజు కావచ్చు, ఒరుసుకోవడం కావచ్చు. డాక్టరుకు చూపించకుండా మోల్డ్ మార్చేయొద్దు. నిజంగా పడకపోతే అప్పుడు సిలికాన్‌కు మారదాం, రోజూ పెట్టడానికి ఇంట్లో మనిషి ఉండేలా చూసుకోవాలి.

ఇంకో సంగతి, మీరు అడగలేదు గానీ మన సరిహద్దు వాళ్లకు అవసరం. మోల్డ్ పెట్టి ప్రోగ్రామ్ చేశాక మాటల పరీక్ష చేస్తారు. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు చాలా చోట్ల ఒడియా పదాలతో చేస్తారు. అమ్మగారికి బజారు ఒడియా వచ్చినా పరీక్ష పదాలు కొత్తగా ఉంటాయి. తెలియని పదాన్ని వినపడని పదంగా రాసేస్తే సౌండ్ అనవసరంగా పెంచేస్తారు, అప్పుడు మంచి మోల్డ్ కూడా కూస్తుంది. ‘అమ్మకు తెలుగులో చేయండి’ అని అడగండి. వాళ్ల దగ్గర తెలుగు పదాలు లేకపోతే మీరే వెనక నిలబడి, నోరు కనపడకుండా, ఇంట్లో మాట్లాడే మాటలే మెల్లగా అనండి. కూర, చీర, సంత, పలక. ఏవి తప్పు వింటున్నారో రాసి వాళ్లకు ఇవ్వండి.

మోల్డ్ వచ్చిన రోజు అమ్మగారిని కుర్చీలోంచి త్వరగా లేవనివ్వకండి. తల అటూ ఇటూ తిప్పమనండి, ఆవలించమనండి, ఒక బిస్కెట్ నమలమనండి. చెవి మీద చెయ్యి పెడితే కాస్త కూయడం మామూలే, నమిలితే కూయకూడదు. ఆ తర్వాత ఆవిడ స్వయంగా, అద్దం లేకుండా, మూడుసార్లు పెట్టుకుని తీయాలి. రెండోసారికి తడబడితే అక్కడే అరగదీయించండి, ఇంటికి తెచ్చాక మళ్లీ అంత దూరం వెళ్లడం అవ్వదు. పిల్లాడికైతే అచ్చు తీసిన రోజే మూడు నెలల తర్వాతి అచ్చు తేదీ కూడా చీటీ మీద రాయించుకుని రండి.